గైడు లేని వేట

తౌనో లాహ్తీ, నేను ఒకే ఇనుప గనిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాం. మట్టి తవ్వే పెద్ద యంత్రాలు చెడిపోతే బాగుచేసే మెకానిక్కులం. వాడు ఫిన్లాండు నుంచి వచ్చినవాళ్ల మనవడు, నేను ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చినవాళ్ల మనవణ్ణి. మా తాతలిద్దరూ ఒకే గనిలోకి దిగి, ఒకరి భాష ఒకరికి రాక సైగలతో పని నడుపుకున్నారట. మాకా ఇబ్బంది లేదు. ఎనిమిది గంటల షిఫ్టులో ఏడు గంటలు తిట్టుకుంటూనే ఉండేవాళ్లం.

అమెరికా ఉత్తరాన మా సుపీరియర్ సరస్సు ఒడ్డున నవంబరు పదిహేను అంటే జింకల వేట మొదలయ్యే రోజు. బడికి సెలవు, గనిలో సగం మంది ఉండరు. ఆ ముప్పై ఒక్క నవంబర్లూ అడవిలో తౌనో వాళ్ల నాన్న కట్టిన చెక్క గుడిసెలోనే మేమిద్దరం గడిపాం. నా పెళ్లి పెటాకులై నా భార్య గ్రీన్‌ బే వెళ్లిపోయిన ఏడాది కూడా నవంబరు పదిహేనుకి నేను అక్కడే ఉన్నాను. "వేటకి ఒక్కడివే రా, ఇంటికి ఒక్కడివే పో, నీకేం తేడా పడింది?" అన్నాడు తౌనో. వాడి ఓదార్పు అలా ఉంటుంది. అన్నాక మూడు రోజులు నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వకుండా తనే వండిపెట్టాడు.

రిటైరయ్యే ముందు సంవత్సరం మా ఫోర్‌మన్ ఆఫ్రికా వెళ్లి పెద్ద కొమ్ముల జంతువు పక్కన మోకాలి మీద కూర్చున్న ఫొటో తెచ్చాడు. భోజనాల గదిలో అందరూ చూసి భుజం తట్టారు. తౌనో మాత్రం ఫొటో తిరిగి ఇచ్చేసి, బయటికి వచ్చాక నాతో అన్నాడు.

"వాడు వేటాడలేదురా. వాడికి వేట వడ్డించారు. జీపులో తీసుకెళ్లి, ఇదిగో నాయనా ఇక్కణ్ణుంచి కాల్చు అని వేలు పెట్టి చూపించారు."

"నీకు కుళ్లు."

"కుళ్లే. కానీ మనం వెళితే అలా వెళ్లం. గైడు ఉండడు. మన కాళ్లు, మన మ్యాపు. దొరికితే మనది, దొరక్కపోతే అదీ మనదే."

ఏదో మాటవరసకి అన్నాడనుకున్నాను. తర్వాతి శనివారం వాళ్లింటి ఆవిరిగది, సౌనాలో చెమటలు కక్కి బయటికొచ్చి కూర్చున్నప్పుడు న్యూజిలాండ్ మ్యాపు నా ఒళ్లో వేశాడు. అక్కడి దక్షిణ ద్వీపంలో మంచుకొండల కింద తార్ అనే అడవి మేకలున్నాయట. వంద సంవత్సరాల కిందట ఎవరో హిమాలయాల నుంచి తెచ్చి వదిలితే అవి ఆ కొండలన్నీ నిండిపోయాయి. పోతుకి సింహంలాగా మెడచుట్టూ జూలు. ప్రభుత్వ భూమి, ఎవరైనా అనుమతి కాగితం తీసుకుని వెళ్లి వేటాడుకోవచ్చు. ఎక్కగలిగినవాడికి వేట, ఎక్కలేనివాడికి దృశ్యం.

"మాంసం కూరిన పాస్టీ రొట్టెలో క్యారెట్ వేసుకు తినే జాతి నువ్వు. నీతో కలిసి నేను సముద్రం దాటాలా?" అన్నాను.

"దాని మీద సాస్ పోసుకు తినే జాతితో నేను దాటడానికి ఒప్పుకుంటున్నాను కదా," అన్నాడు.

అలా మొదలైంది. రిటైరయ్యాక మూడేళ్లపాటు ప్రతి గురువారం వాళ్ల వంటింట్లో బల్ల మీద ఆ లోయ పరుచుకునేది. వాడి భార్య ఐలి యాలకుల రొట్టె కోసి పెట్టి, మ్యాపు మీద కాఫీ మరకలు పడకుండా కాగితాలు వేసి వెళ్లేది. తౌనో ఏ యంత్రాన్ని చూసినా ఒకటే అడిగేవాడు: "ముందు ఏది పాడవుతుంది?" ఈ ప్రయాణాన్నీ అలాగే విప్పి చూశాడు. బూట్ల తాడు తెగితే? గ్యాసు పొయ్యి వెలగకపోతే? విమానంలో తుపాకీ పెట్టె వేరే ఊరికి పోతే? అన్నిటికీ జవాబు రాసుకున్నాడు. "అందరికంటే ముందు పాడయ్యేది నీ ఎడమ మోకాలు," అని నాకోసం రెండు ఊతకర్రలు కొన్నాడు.

నది గురించి వాడికి ఒక నియమం ఉండేది. నీళ్లు మోకాలు దాటితే దిగకూడదు, ఎన్ని రోజులైనా సరే కూర్చోవాలి. ఆ లోయలో తిరిగిన ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఉత్తరాలు రాసి, ఏ గుడిసె పైకప్పు కారుతుందో, ఏ వాగు వానకి ఎంతసేపట్లో పొంగుతుందో కనుక్కున్నాడు. అక్కడి విమానాశ్రయంలో బూట్ల అడుగున పిసరంత మట్టి ఉన్నా ఒప్పుకోరని తెలిసి, పళ్లు తోముకునే బ్రష్షుతో బూట్లు తోమి చూపించేవాడు. మధ్యాహ్నాలు పాత స్కీ కొండ మీదికి, వీపున ఉప్పు బస్తాలు కట్టుకుని ఎక్కేవాళ్లం. ఊళ్లో పిల్లలు మమ్మల్ని చూసి "ముసలి గాడిదలు" అనేవాళ్లు. మేం అరిచి చూపించేవాళ్లం.

మేలో వెళ్లాలని ఖాయం చేశాం. అక్కడ అది శరత్తు చివర. పోతుల జూలు దట్టంగా ఉండే కాలం. ఇద్దరికీ టికెట్లు తౌనో తీశాడు. కాగితం తెచ్చి నాకిస్తే చూశాను. నవంబరు పదిహేను అని ఉంది.

"ఇదేంట్రా?"

"వేట రోజు," అన్నాడు. నేను పడీ పడీ నవ్వాను. వాడు నవ్వలేదు. కాగితం నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు చూశాడు. నవంబరు తప్ప వేరే వేట తెలియని మనిషి పొరపాటు పడ్డాడు, అంతే అనుకుని తేదీలు మార్పించాను.

తర్వాత ఒకే జాబితా నాలుగుసార్లు రాశాడు. తెలిసిన కథే మళ్లీ చెప్పాడు. మా వయసు వాళ్లలో ఎవరు చెప్పరు? నేను చూడదలచుకోలేదు, కాబట్టి చూడలేదు.

ఆ నవంబరులో అడవిలో, పొద్దున్నే మంచు కురిసి ఆగాక, నేను గుడిసె వైపు తిరిగి వస్తున్నాను. ఒంటి మీద నారింజ రంగు కోటు. వంద గజాల దూరంలో దేవదారు పక్కన తౌనో నిలబడి ఉన్నాడు. చెయ్యెత్తాను. వాడు రైఫిల్ ఎత్తాడు. గొట్టం నల్లటి గుండ్రం నాకు సూటిగా కనబడింది. "తౌనో!" అని అరిచాను. దించలేదు. "ఒరేయ్, నేనురా, ట్రెంబాత్‌ని!" అన్నాను. రైఫిల్ మీది దుర్భిణిలోంచి నన్ను అలాగే చూస్తున్నాడు. నేను కదల్లేదు. ఎంతసేపో తెలియదు. చివరికి గొట్టం మెల్లగా కిందికి వంగింది.

దగ్గరికి వెళితే వాడి మొహంలో రక్తం లేదు. "నువ్వా," అన్నాడు. "ఎవరో మనిషి అనుకున్నాను."

"మనిషి అనుకుని గురిపెట్టావా?"

వాడు రైఫిల్ భుజానికి తగిలించుకున్నాడు. కాసేపటికి, "ఐలికి చెప్పకు," అన్నాడు.

చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను? డిసెంబరులో ఆమె వాణ్ణి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. తలకి ఫొటోలు తీశారు, గడియారం బొమ్మ గీయమన్నారు. వాడు తిరిగొచ్చి, "గడియారం గీయలేని డాక్టరు నన్ను గీయమన్నాడు," అని నవ్వించబోయాడు. మతిమరుపు జబ్బు, ఇక తగ్గదు, పెరుగుతుంది అని వాళ్లు చెప్పిన సంగతి ఐలి నాకు మా ఇంటి గుమ్మంలో నిలబడి చెప్పింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"క్లైడ్, తౌనో మేలో వెళ్లి తీరతానంటున్నాడు. నేను వద్దంటే అరుస్తున్నాడు. నలభై రెండేళ్లలో నా మీద అరవని మనిషి."

"నేను మాట్లాడతాను."

"మాట్లాడితే వినడు. జబ్బు ఉందనే ఒప్పుకోవట్లేదు. నువ్వు ఏదో ఒకటి చెప్పు. న్యూజిలాండ్ వాళ్లే రావద్దన్నారని చెప్పు. నీ మాటైతే నమ్ముతాడు." ఆగి, "అందుకే నిన్నడగడానికి సిగ్గుగా ఉంది," అంది.

మా ఇద్దరి తుపాకులకీ న్యూజిలాండ్ అనుమతి అప్పటికే వచ్చి ఉంది. ఆ కాగితాలు నా పేరు మీద వచ్చాయి. సొరుగులో పెట్టేశాను. జనవరిలో ఒక గురువారం, బల్ల మీద మ్యాపు పరిచి ఉండగా, ఈ ఏడాది విదేశీయుల రైఫిళ్లు రానివ్వట్లేదని, మన దరఖాస్తులు కొట్టేశారని చెప్పాను. గొంతు వణకలేదు. అంత తేలిగ్గా వచ్చేసరికి నాకే భయం వేసింది.

తౌనో పెన్సిలు కింద పెట్టాడు. "మళ్లీ అడిగి చూశావా?"

"చూశాను."

"ఏమన్నారు?"

"వచ్చే ఏడు చూద్దామన్నారు."

"సరే," అన్నాడు. "నువ్వు అడిగావంటే అడిగినట్టే." పెన్సిలు తీసుకుని మళ్లీ నది దాటే చోట్ల దగ్గర గీతలు గీయడం మొదలుపెట్టాడు. వెళ్లేటప్పుడు, తుడిచి తెస్తానని చెప్పి వాడి రైఫిళ్లు మూడూ నా ట్రక్కులో పెట్టుకున్నాను. వాడే మోసుకొచ్చి అందించాడు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, మోకాలి లోతు మంచులో నాలుగు మైళ్లు నడిచి తౌనో మా ఇంటికొచ్చాడు. తలుపు తీశాను. టోపీ లేదు, చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. కళ్లు మాత్రం గనిలో ఉన్నప్పటి కళ్లే. అంత స్పష్టంగా ఉన్న వాడి చూపు నేను ఆ తర్వాత చూడలేదు.

"ఫోన్ చేశాను," అన్నాడు. "ఇక్కడ సాయంత్రం నాలుగైతే అక్కడ మర్నాడు పొద్దున. ఆఫీసు తెరిచి ఉంటుంది. ఒకావిడ ఎత్తింది."

నేను తలుపు పూర్తిగా తెరిచి పక్కకి జరిగాను.

"నా పేరు చెప్పాను. ఉంది అంది. అనుమతి ఇచ్చాం, కాగితాలు ట్రెంబాత్ గారికి పంపాం అంది. నేను ఆవిడతో అన్నానూ, అమ్మా నువ్వు పొరబడుతున్నావు, ట్రెంబాత్ నాకు అబద్ధం చెప్పడు అని. ఆవిడతో వాదించానురా. పరాయి దేశం ఆడమనిషితో, నీ తరఫున."

"లోపలికి రా తౌనో. చలి."

"ఎందుకు చెప్పావు?"

"నువ్వు అడవిలో నా మీద గురిపెట్టావు."

"అవును. నాకు గుర్తుంది. రోజూ గుర్తొస్తుంది." వాడు గుమ్మం దాటలేదు. "ఆ మాట నాతో అనొచ్చు కదా. ఒరేయ్ తౌనో, నీకు తుపాకీ పట్టే అర్హత పోయింది, నేను నీతో రాను అని మొహం మీద అనొచ్చు కదా. కొట్టేవాణ్ణి. తిట్టేవాణ్ణి. తర్వాత ఊరుకునేవాణ్ణి. నువ్వు బిగించిన నట్టు ముప్పై ఒక్క ఏళ్లలో నేను మళ్లీ పట్టి చూసుకోలేదు. దాని కింద పడుకుని పని చేశాను. నువ్వేమో నన్ను పసిపిల్లాడిలా, చందమామని తెల్లారి ఇస్తానన్నట్టు..."

మాట పూర్తి చెయ్యలేకపోయాడు. నేను వాడి చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. ట్రక్కులో దింపుతానంటే ఎక్కలేదు. వాడు రోడ్డు పక్కన మంచులో నడుస్తుంటే వెనకాల దీపాలు వేసుకుని నడక వేగంతో నాలుగు మైళ్లూ నడుపుకుంటూ వెళ్లాను. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

"నేనే చెప్పమన్నాను" అని ఐలి ఎన్నిసార్లు చెప్పినా వాడికి ఎక్కలేదు. ఆ ఏడాదంతా వాడిలోంచి ఒక్కొక్కటే రాలిపోయాయి: మనవళ్ల పేర్లు, చెంచా ఎటు పట్టుకోవాలో, సౌనా ఎలా వేడి చెయ్యాలో. నేను చేసింది మాత్రం రాలలేదు. గురువారాలు వెళ్లేవాణ్ణి. నా ట్రక్కు చప్పుడు వినగానే లేచి లోపలినుంచి గొళ్లెం పెట్టేవాడు. ఐలి వెనక తలుపులోంచి వచ్చి, "ఇవాళ వద్దులే," అనేది. ఎన్నాళ్లో మరి ఆ ఇవాళ. ఆ చలికాలం ఆమె బలం చాలక వాణ్ణి వృద్ధుల ఆశ్రమంలో చేర్చారు.

మా టికెట్లని అప్పుడే మరుసటి మేకి జరిపించి ఉంచాను. నా అనుమతి మళ్లీ రాయించుకున్నాను. ఇద్దరు లేకుండా ఆ లోయలోకి వెళ్లకూడదన్నది తౌనో నియమం. దాన్ని తెలిసే మీరాను. ఎందుకు వెళ్లానని అడిగితే సరైన జవాబు నా దగ్గర లేదు. గురువారాలు ఇంట్లో కూర్చోలేకపోయాను, అంతే. మ్యాపు ఐలి ఇచ్చింది.

అంతా వాడు చెప్పినట్టే ఉంది. రెండో గుడిసె కప్పు కారింది. వాన పడ్డ నాలుగు గంటలకి వాగు పొంగింది. నీళ్లు మోకాలు దాటాయి కాబట్టి రెండు రోజులు కూర్చున్నాను. మూడో రోజు దాటి, వాడు మ్యాపులో గీసిన గట్టు మీదికి ఐదు గంటలు ఎక్కాను. పైన రాతి అంచు మీద పోతు నిలబడి ఉంది. గాలికి జూలు ఒకవైపు ఒరిగి గడ్డిలా కదులుతోంది. అంత అందమైన జంతువుని నేను అడవిలో ఎప్పుడూ చూడలేదు. ఒక్క తూటాకే పడిపోయింది. పడగానే అలవాటుగా ఎడమ పక్కకి తిరిగాను, ఏదో ఒకటి అంటాడని. అక్కడ రాళ్లున్నాయి. ఇంకా వెచ్చగా ఉన్న ఆ జంతువు పక్కన కూర్చుని, పెద్దవాణ్ణయ్యాక మొదటిసారి, గొంతెత్తి ఏడ్చాను. తర్వాత కోసి, మోయగలిగినంత మాంసం మోసుకుని, చీకటి పడకముందే దిగాను.

జూన్‌లో తిరిగొచ్చి ఆశ్రమానికి వెళ్లాను. ఐలి ముందు నడిచింది. తౌనో కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు, సగమయ్యాడు. నన్ను చూసి లేవబోయి, మర్యాదగా చెయ్యి చాచాడు.

"కూర్చోండి. తమరు ఎవరి తాలూకు?" అన్నాడు.

ఇన్నేళ్లలో వాడు నన్ను 'మీరు' అన్న మొదటి సారి అది. ఐలి నా పేరు చెప్పబోయింది. నేను వద్దని తలాడించాను. ఆమె బయట వరండాలోకి వెళ్లిపోయింది.

"ఈ మధ్యే న్యూజిలాండ్ వెళ్లొచ్చానండీ, వేటకి," అన్నాను.

వాడు కుర్చీలో ముందుకి జరిగాడు. "గైడుతోనా?"

"లేదు. సొంతంగానే."

"అద్గదీ. నది ఏ ఒడ్డున ఎక్కారు?"

"ఎడమ ఒడ్డు. కుడివైపు కొండచరియలు జారతాయి."

"జారతాయి," అన్నాడు. సంతోషంతో మొహం వెలిగింది. "తెలిసినవాళ్లే చెప్పుంటారు మీకు."

"చాలా తెలిసినవాడు చెప్పాడు."

మొత్తం చెప్పాను, వాగు, గుడిసె, గట్టు, పోతు. జూలు ఎంత పొడవుందో చేత్తో చూపించమన్నాడు. చూపించాను. కళ్లు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమో అనుకుంటుండగా అన్నాడు:

"నేనూ వెళ్లాల్సింది. అన్నీ సిద్ధం చేసుకున్నాను. నాకో స్నేహితుడుండేవాడు. మోసం చేశాడు."

కుర్చీ వాడికి దగ్గరగా జరుపుకున్నాను. "ఎలాంటివాడు?" అన్నాను.

"మంచి పనివాడు." ఆలోచించాడు. "వాడు పని చేస్తే మళ్లీ చూడక్కర్లేదు. వాడు నాకెందుకు అబద్ధం చెప్పాడో ఎంత ఆలోచించినా అందదు. నేనేం చేశానో వాడికి." తర్వాత నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "మీరు చూస్తే నమ్మకస్తుల్లా ఉన్నారు. వచ్చే మేలో నాతో వస్తారా? ఇద్దరుండాలి. ఒక్కళ్లు వెళ్లకూడదు ఆ లోయలోకి."

"వస్తానండీ," అన్నాను.

అది వాడికి నేను చెప్పిన మరో అబద్ధం. ఈసారి నా గొంతు వణికింది. వాడు గమనించలేదు.

ఆ తర్వాత ఏడు నెలలు ప్రతి గురువారం వెళ్లాను. ప్రతిసారీ కొత్తవాణ్ణే. ప్రతిసారీ చెయ్యి చాచి, ఎవరి తాలూకు అని అడిగేవాడు. కొన్నాళ్లకి నది పోయింది, తర్వాత కొండ పోయింది. స్నేహితుడి మాట మాత్రం చివరిదాకా అంటూనే ఉన్నాడు, ఒక్కోసారి కోపంగా, ఎక్కువసార్లు అర్థం కాక. "నేనేరా వాడు, నన్ను క్షమించు" అని రెండుసార్లు చెప్పాను. ఒకసారి వినలేదు. రెండోసారి నా మొహంలోకి చూసి, "పాపం, మీకు వాడు తెలుసా?" అన్నాడు.

జనవరి ఆఖర్న న్యుమోనియాతో పోయాడు. మా వైపు చలికాలంలో నేల గడ్డకట్టి ఉంటుంది, గుంట తవ్వలేరు. మంచు కరిగాక పూడ్చారు. పెట్టె మోసేవాళ్లు ఆరుగురు కావాలి. తౌనో తమ్ముడు, కొడుకులు, గనిలో పాతవాళ్లు కలిసి ఐదుగురయ్యారు. ఐలి నా దగ్గరికి వచ్చి, "రా," అంది.

"వాడు ఒప్పుకుంటాడా?" అన్నాను.

ఆమె పెట్టె వైపు చూసింది. "నాకు తెలియదు క్లైడ్," అంది. "నువ్వు పట్టుకో."

పట్టుకున్నాను.